బట్టీ పడితేనే స్పెల్లింగు వస్తుందా?

ఇంగ్లీషు స్పెల్లింగు విషయంలో తెలుగునాట ఇంట్లోనూ బడిలోనూ ఒకే మాట వినిపిస్తుంది. తెలుగు పలికినట్టే రాసే భాష. ఇంగ్లీషులో రాసేదొకటి, పలికేదొకటి. కాబట్టి ఐదారేళ్ల పిల్లచేత పదాన్ని నెమ్మదిగా పలికించి, అందులోని ధ్వనులను ఒక్కొక్కటిగా పట్టుకోమని, వాటికి తగిన అక్షరాలు తనే ఎంచుకుని రాయమని అడగడం కాలయాపన. పైగా ప్రమాదం: అలా రాయనిస్తే తప్పుడు స్పెల్లింగులు చేతికి అలవాటైపోతాయి. ఒక్కో పదాన్నీ అక్షరాల పేర్లతో వల్లె వేయించాలి, పదేసిసార్లు రాయించాలి, వారానికోసారి డిక్టేషన్ పెట్టాలి, తప్పితే ఇంపోజిషన్ ఇవ్వాలి. పాత తరాలన్నీ ఇలాగే నేర్చుకున్నాయన్నది ఈ వాదం చూపించే చివరి రుజువు.

ఈ వాదం ఊరికే పుట్టలేదు. ఇంగ్లీషులో 26 అక్షరాలతో సుమారు 44 ధ్వనులను రాయాలి. ఒకే ధ్వనికి నాలుగైదు రాతలు, ఒకే అక్షరానికి రెండు మూడు పలుకుబడులు తప్పవు. ఫిలిప్ సీమోర్, ఆయన సహచరులు 13 యూరప్ భాషల పిల్లల తొలి చదువును పోల్చి 2003లో ఫలితాలు ప్రకటించారు. మొదటి ఏడాది ముగిసేసరికి ఫిన్లాండు, గ్రీసు, ఇటలీ పిల్లలు తేలిక పదాలను దాదాపు తప్పుల్లేకుండా చదివారు. స్కాట్లాండులో ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలు అలాంటి పదాల్లో మూడోవంతే చదవగలిగారు. ఇంగ్లీషు రాత కష్టమైనదనడంలో సందేహం లేదు. అయితే కష్టమైనదని ఒప్పుకోవడం వేరు, దానికి క్రమమే లేదనడం వేరు. బట్టీ వాదం మొదటిది చూపించి రెండోది తేలిపోయిందంటుంది. దాని మిగతా పొరపాట్లన్నీ అక్కడినుంచే మొదలవుతాయి.

1. ‘ఇంగ్లీషుకు నియమమే లేదు’

ఈ మాటకు సాక్ష్యంగా ఎప్పుడూ చూపించేది ఒకే జంట: బి-యు-టి ‘బట్’ అయితే పి-యు-టి ‘పట్’ ఎందుకు కాలేదు? ప్రశ్న అడిగినవారు జవాబు కోసం ఆగరు. జవాబు మాత్రం ఉంది. ఒకప్పుడు ఈ పదాలన్నింటిలోనూ పలికింది ‘ఉ’కారమే. 17వ శతాబ్దంలో దక్షిణ ఇంగ్లండు వాడుకలో అది చాలా పదాల్లో ‘అ’ వైపు జరిగింది. పెదవులతో పలికే పి, బి, ఎఫ్‌ల తర్వాత, అందులోనూ వెనక ‘ల్’ గానీ ‘ష్’ గానీ ఉన్నచోట, కొన్ని పదాల్లో పాత ‘ఉ’ నిలిచిపోయింది. పుల్, ఫుల్, బుల్, పుష్, బుష్, పుట్: పిల్లలకు ఎదురయ్యేంతలో ఈ గుంపు చాలా చిన్నది. కట్, కప్, బస్, సన్, రన్, మడ్, డక్, లక్, జంప్, లంచ్ ఉన్న గుంపు ఎంతో పెద్దది. క్రమమంటూ లేని రాతలో ‘పుట్’ ఎవరికీ వింతగా తోచకూడదు. అది వింతగా తోచిందంటే, ‘బట్’ను చూసి ‘పట్’ను ఆశించే నియమం అడిగినవారి బుర్రలో ముందే పనిచేస్తోందన్నమాట. నియమం లేదని చెప్పడానికి తెచ్చిన ఉదాహరణ నియమం మీద ఆధారపడే నిలబడింది.

ఇంకో ఉదాహరణ బెర్నార్డ్ షా పేరుమీద చలామణి అవుతుంది. జి-హెచ్-ఓ-టి-ఐ అని రాసి ‘ఫిష్’ అని చదవవచ్చట: ‘రఫ్’ చివరి జి-హెచ్, ‘విమెన్’లోని ఓ, ‘నేషన్’లోని టి-ఐ కలిపితే చాలు. ఈ చమత్కారం షా పుట్టకముందే, 1855 నాటి ఒక ఉత్తరంలో ఉంది. ఎవరిదైనా సరే, అది రుజువు చేసేది తలకిందులు సంగతి. జి-హెచ్ పదం మొదట్లో ఎక్కడా ‘ఫ్’ కాదు. టి-ఐ పదం చివర ఎక్కడా ‘ష్’ కాదు. వెనక ఇంకో అచ్చు ఉండాలి. ‘ఓ’ను ‘ఇ’గా పలికేది ఆ ఒక్క మాటలోనే అనుకోవచ్చు. అంటే అక్షరం ఎక్కడ కూర్చుందన్నదాన్ని బట్టి దాని ధ్వని తేలుతుంది. ఇంగ్లీషు నేర్చిన ఎవరూ ఆ ఐదు అక్షరాలను చూసి ‘ఫిష్’ అని చదవరు. చదవకపోవడానికి కారణం వాళ్లకు నియమం తెలియడమే.

కథలు వదిలి లెక్కకు వస్తే, అమెరికాలో పాల్ హన్నా బృందం 1966లో ప్రకటించిన అధ్యయనం ఉంది. 17 వేలకు పైగా పదాల ధ్వనులను కంప్యూటరుకు ఇచ్చి, ధ్వనినుంచి అక్షరానికి వెళ్లే నియమాలతో మాత్రమే స్పెల్లింగు రాయించారు. సుమారు సగం పదాలు పూర్తిగా సరిగ్గా వచ్చాయి. మరో మూడోవంతుకు పైగా పదాల్లో ఒక్క ధ్వని దగ్గర మాత్రమే తప్పు పడింది. ఆ కంప్యూటరుకు ఇచ్చిన నియమాలు వందల్లో ఉన్నాయి, పసిపిల్ల అన్నీ నేర్వలేదు అన్న ఆక్షేపణ న్యాయమైనదే. కానీ బట్టీ వాదం చెప్పింది నియమాలు ఎక్కువని కాదు, లేవని. లేనివాటితో ఒక యంత్రం ఎనిమిది వేలకు పైగా పదాలను తప్పు లేకుండా రాయలేదు.

నియమం తప్పిన పదాలు కూడా నిలువునా తప్పవు. ఎస్-ఎ-ఐ-డి అని రాసి ‘సెడ్’ అంటారు. ఇందులో మొదటి ‘స్’, చివరి ‘డ్’ నూటికి నూరుపాళ్లు క్రమంలోనే ఉన్నాయి. మొండికేసింది మధ్య అచ్చు ఒక్కటే. ‘ఫ్రెండ్’లో గుర్తుపెట్టుకోవలసింది ఒక్క ఐ. ‘నీ’ (మోకాలు) మొదట్లో మూగగా కూర్చున్న ‘కె’ ఒకప్పుడు పలికిన అక్షరమే. పలుకుబడి మారింది, రాత మారలేదు. విలియం కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాక రాతలు గట్టిపడుతూ వచ్చాయి. అదే కాలంలో దీర్ఘాచ్చుల పలుకుబడి పెద్ద ఎత్తున మారుతూ పోయింది. ‘డెట్’లో బి మటుకు పండితుల పుణ్యం: లాటిన్ మూలం కనబడాలని తెచ్చి పెట్టారు. ఇవన్నీ చిక్కులే. చిక్కు ఎక్కడుందో చూపించి చెబితే పిల్లకు ఒక అక్షరం బరువు. పదం మొత్తాన్ని బట్టీ పట్టమంటే ప్రతి అక్షరమూ బరువే.

2. వల్లె వేసేది దేన్ని?

‘సి-ఎ-టి క్యాట్’ అని తరగతి గది దద్దరిల్లేలా చెప్పించడం పాఠంలా కనిపిస్తుంది. ‘సీ’, ‘ఏ’, ‘టీ’ అన్న మూడు పేర్లను ఎంత వేగంగా కలిపి పలికినా ‘క్యాట్’ రాదు. ‘ఎస్-టి-ఆర్-ఇ-ఇ-టి’ అన్న ఆరు పేర్లకూ ‘స్ట్రీట్’కూ సంబంధమేమిటో పిల్లకు ఎవరూ చెప్పరు. చాలా హల్లుల పేర్లలో వాటి ధ్వని దాగి ఉంటుంది, నిజమే. ‘బీ’లో ‘బ్’, ‘ఎమ్’లో ‘మ్’ వినబడతాయి. కానీ ‘హెచ్’లో నిలిచి వినబడేది ‘చ్’. ‘డబ్ల్యూ’ అన్న పొడవాటి పేరు మొదలయ్యేది ‘డ’తో. ‘వై’ అన్న పేరు ‘వ’తో మొదలవుతుంది గనుక, అక్షరాల పేర్లు మాత్రమే తెలిసిన పిల్లలు ‘విన్’ను వై-తో మొదలుపెట్టి రాయడం పరిశోధకులు చాలాసార్లు గమనించిన సంగతి. ఆ తప్పు పిల్లది కాదు. ఇచ్చిన పేరును నమ్మి రాసింది.

ఇది కొత్తగా కనిపెట్టిన లోపమూ కాదు. ఫ్రాన్సులో 1660లో వెలువడిన పోర్ట్ రాయల్ వ్యాకరణంలో ఆర్నో, లాన్సెలో చదువు నేర్పే కొత్త పద్ధతికి ఒక అధ్యాయమే కేటాయించారు: హల్లులను పేర్లతో కాక ధ్వనులతో పరిచయం చేయాలి. గణితవేత్త పాస్కల్ ఆలోచన దాని వెనక ఉంది. దాదాపు మూడున్నర శతాబ్దాల కిందట పట్టుకున్న పొరపాటును ఈనాటి ఎల్‌కేజీ గదుల్లో పద్ధతిగా పాటించడం విచారకరం.

మరీ విచారకరమైనది, ఇది తెలుగుగడ్డ మీద జరగడం. తెలుగులో అక్షరం పేరే దాని ధ్వని. ‘కకు దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి, కొమ్మిస్తే కు’ అని గుణింతం చెప్పే పిల్ల ధ్వనులు కలిపి అక్షరం కడుతోంది. అది కూడా వల్లె వేయడమే, కానీ అందులో ప్రతి ముక్కా నోటితో పలికేదానికి అతుక్కుని ఉంటుంది. అదే పిల్ల పక్క పీరియడ్‌లో ఇంగ్లీషు పుస్తకం తీయగానే ధ్వనితో సంబంధం లేని పేర్ల వరస అప్పజెప్పాలి. చేతిలో ఉన్న పనిముట్టును గుమ్మం బయట వదిలి రమ్మనడమే ఇది.

వల్లె వేస్తే మాత్రం గుర్తుంటుంది కదా అంటారు. జ్ఞాపకం ఎలా నిలుస్తుందో చూడకుండా అనే మాట ఇది. అమెరికన్ మనస్తత్వవేత్త లినియా ఎరి దశాబ్దాలపాటు చేసిన పరిశోధన సారం ఇది: చదివేవారు పదాన్ని బొమ్మలాగా గుర్తుపెట్టుకోరు. పదంలోని ఒక్కో ధ్వనినీ ఒక్కో అక్షరానికో, అక్షరాల గుంపుకో ముడివేసుకుంటారు. ఆ ముళ్లే స్పెల్లింగును మనసులో నిలబెడతాయి. ముడి లేకుండా మిగిలేది ఫోను నంబరులాంటి వరస. ఒక నంబరు గుర్తుంటుంది, పది గుర్తుంటాయి. వందలు, వేలు ఉండవు. మూడో తరగతి దాకా పది మార్కులకు పది తెచ్చుకున్న పిల్ల ఆ తర్వాత ఉన్నట్టుండి వెనకబడితే, సోమరితనమని నిందించే ముందు ఆమె చేత ఎన్ని నంబర్లు మోయించారో లెక్క చూడాలి.

3. ‘తప్పు అలవాటైపోతుంది’

తల్లిదండ్రులను నిజంగా భయపెట్టేది ఇదే. నోటుపుస్తకంలో పిల్ల సొంతంగా రాసిన తప్పు స్పెల్లింగు కనిపించగానే ఎర్ర సిరా కోసం చూస్తారు. ఆ తప్పు ఎలాంటిదో చూడరు.

చార్లెస్ రీడ్ అనే భాషాశాస్త్రజ్ఞుడు బడికి వెళ్లకముందే సొంతంగా రాయడం మొదలుపెట్టిన అమెరికన్ పిల్లల రాతలను సేకరించి 1971లో ప్రకటించాడు. చాలామంది ‘ట్రక్’ను సి-హెచ్-తో మొదలుపెట్టారు. ‘డ్రాగన్’ను జె-తో రాశారు. పెద్దలకు ఇది అర్థంలేని గీతలా తోస్తుంది. ఇంగ్లీషు నోట ‘ర్’ ముందు వచ్చే ‘ట్’ నిజంగానే ‘చ్’ వైపు జారుతుంది. పెద్దలు స్పెల్లింగు తెలిసినందువల్ల ఆ జారుడును వినడం మానేశారు. పిల్లలు విన్నారు, విన్నదే రాశారు. ఒకరినొకరు ఎరగని పిల్లలు ఒకే రకం తప్పు చేయడం రీడ్ పట్టుకున్న అసలు విషయం. ఊహించి గీసిన గీతలైతే తలా ఒక తీరుగా ఉండాలి.

అలాంటి తప్పు వెలకట్టలేని సమాచారం. ‘జంప్’ను మ్ లేకుండా జె-యు-పి అని రాసిన పిల్లకు ‘ప్’ ముందున్న అనునాసికం వినబడలేదని తెలుస్తుంది. మర్నాడు ఏం నేర్పాలో ఆ ఒక్క తప్పు చెబుతుంది. బట్టీలో తప్పిన పిల్ల అదే పదాన్ని పి-యు-ఎం-జె అని రాస్తే టీచరుకు తెలిసేది ఒక్కటే: గుర్తులేదు. దానికి మందు కూడా ఒక్కటే మిగులుతుంది, ఇంకో పదిసార్లు రాయించడం.

అలవాటు సంగతికి వస్తే, జీన్ ఉలెట్, మోనిక్ సెనెషల్ కెనడాలో కిండర్‌గార్టెన్ పిల్లలతో చేసిన ప్రయోగం 2008లో వెలువడింది. ఒక గుంపు పిల్లలు పదాలను విని తమకు తోచినట్టు రాశారు. ప్రతిసారీ వాళ్ల రాతకు ఒక మెట్టు పైనున్న రాతను చూపించారు. ఇంకో గుంపుకు ధ్వనుల ఆటలు మాత్రమే నేర్పారు. మూడో గుంపు బొమ్మలు గీసింది. తర్వాత కొత్త పదాలు చదవడం నేర్పినప్పుడు ముందున్నది సొంతంగా రాసిన గుంపే. తప్పులు గట్టిపడి ఉంటే ఈ ఫలితం రాకూడదు.

ఇక్కడ ఒక హద్దు స్పష్టంగా గీయాలి. ఆ ప్రయోగంలో పిల్లలు రాసింది ఏదైనా బాగుందని వదిలేయలేదు. ప్రతి రాతకూ జవాబు వచ్చింది. పిల్ల మనసు నొచ్చుకుంటుందని ఏళ్లకేళ్లు దిద్దకుండా వదిలేసే పద్ధతి కూడా కొన్ని దేశాల్లో రాజ్యమేలింది. దానికి ఈ సాక్ష్యం ఏమాత్రం అండగా నిలవదు. దిద్దకపోతే తప్పు నిలుస్తుంది, నిజం. అయితే ఆ నిజంలోంచి వచ్చేది దిద్దాలన్న నిర్ణయమే. రాయనివ్వకూడదన్న నిర్ణయం ఏ దారినా రాదు.

4. ‘తెలుగు నోటికి ఇది పనికిరాదు’

చదువుకున్నవారు ఎక్కువగా ఆశ్రయించే వాదన ఇది: ఇంగ్లీషు పిల్లలు ఇంగ్లీషు వింటూ పెరుగుతారు, వాళ్లు విని రాస్తే సరిపోతుంది, తెలుగు పిల్ల పలికేదే తేడాగా ఉన్నప్పుడు విని రాస్తే ఏం వస్తుంది? మిగిలిన వాదనలకంటే ఇందులో బలం ఎక్కువ. అందుకే జాగ్రత్తగా విప్పాలి.

తేడాలు ఉన్నాయి. తెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది కాబట్టి బస్ ‘బస్సు’ అవుతుంది, పెన్ ‘పెన్ను’ అవుతుంది. మాట మొదట ‘స్క’, ‘స్ట’ వస్తే చాలా ఇళ్లలో ముందు ఒక ‘ఇ’ చేరి ‘ఇస్కూలు’, ‘ఇస్టేషను’ అవుతాయి. విని రాసే పిల్ల ‘స్కూల్’ను ఐ-తో మొదలుపెట్టే అవకాశం నిజంగానే ఉంది. వి, డబ్ల్యూ రెండూ తెలుగు నోట ‘వ’ అయిపోతాయి. ‘వెట్’ అని చెప్పి ఏ అక్షరమో తేల్చమంటే చెవి తేల్చలేదు. ‘క’లో ‘అ’ ఇమిడి ఉంటుందని నేర్చుకున్న పిల్ల ‘కమల’ అన్న పేరును కె-ఎం-ఎల్ అని మూడే అక్షరాలతో రాయవచ్చు. తెలుగు లెక్కన అది సరైన తర్కమే.

ఈ తేడాలన్నీ కలిపి చెప్పేది ఏమిటి? పిల్ల ఎక్కడ తప్పుతుందో ముందే చెప్పవచ్చని. ముందే చెప్పగలిగిన తప్పును ముందే దిద్దవచ్చు. ‘ఇస్కూలు’ అని పలికే పిల్లచేత స్-కూ-ల్ అని పలికించి, ముందు ‘ఇ’ ఉందో లేదో వినమనడం రెండు నిమిషాల పని. దానివల్ల రాతతోపాటు పలుకూ బాగుపడుతుంది. అదే పిల్లకు ఎస్-సి-హెచ్-ఓ-ఓ-ఎల్ అని బట్టీ పట్టిస్తే రాత సరిగ్గా ఉంటుంది, నోట ‘ఇస్కూలు’ అలాగే ఉంటుంది, రెంటికీ మధ్య గోడ లేస్తుంది. బట్టీ ఈ సమస్యను పరిష్కరించదు, కనబడకుండా చేస్తుంది.

ఇక తెలుగు పిల్లకు ఉన్న బలాల సంగతి ఈ వాదం ఎత్తనే ఎత్తదు. ఇ-ఈ, ఎ-ఏ, ఒ-ఓ తేడాలు తెలుగులో ఓనమాల నాడే చెవిన పడతాయి. ‘సిట్’, ‘సీట్’ తేడా పట్టుకోవడానికి ఎన్నో భాషల పిల్లలు తంటాలు పడతారు. తెలుగు పిల్లకు అది గుడికీ గుడిదీర్ఘానికీ ఉన్న తేడాయే. ‘క్యాట్’లోని అచ్చుకు తెలుగులో ప్రత్యేకమైన అక్షరం లేకపోయినా, ‘వచ్చాడు’ అన్నప్పుడు చాలామంది నోట వచ్చేది దాదాపు అదే. ట, త వేరువేరు అక్షరాలు గనుక ‘టిన్’, ‘తిన్’ చెవికి ఎప్పుడూ కలిసిపోవు. ‘త’ వినబడితే టి-హెచ్ రాయాలని ఒక్కసారి చెబితే చాలు. అమెరికన్ పిల్లలు ‘ట్రక్’ దగ్గర చేసిన తప్పు కూడా ‘ట’ను స్పష్టంగా మూర్ధన్యంగా పలికే తెలుగు పిల్లకు వచ్చే అవకాశం తక్కువ.

ఒక అక్షరానికి రెండు ధ్వనులుంటే పిల్ల తికమక పడుతుందన్న భయానికి తెలుగులోనే సమాధానముంది. ‘చాప’లో చ వేరు, ‘చెట్టు’లో చ వేరు. ‘జోడు’లో జ వేరు, ‘జెండా’లో జ వేరు. అచ్చ తెలుగు మాటల్లో ఇ, ఎ స్వరాల ముందు ఒక రకంగా, అ, ఉ, ఒ ల ముందు ఇంకో రకంగా పలుకుతారు. రాసేది ఒకే అక్షరం. ఇంగ్లీషులో సి అక్షరం ఇ, ఐ, వై ల ముందు ‘స్’ అవుతుంది, మిగిలినచోట ‘క్’ అవుతుంది. వెనక వచ్చే అచ్చును బట్టి ముందున్న హల్లు మారడమన్న సూత్రం రెండు చోట్లా ఒకటే. మూడేళ్లకే ‘చాప’, ‘చెట్టు’ తేడాగా పలికిన పిల్లకు ‘క్యాట్’, ‘సిటీ’ తేడా అందదనడానికి ఆధారం లేదు. తెలుగు సంపూర్ణంగా పలికినట్టే రాసే భాష అన్న మాట కూడా ఇక్కడ కొంత సడలుతుంది. అంతమాత్రాన తెలుగు పిల్లలెవరూ తెలుగును బట్టీ పట్టలేదు.

అయితే ఒక షరతు మాత్రం గట్టిది. పిల్లకు ఆ పదం ముందు చెవిన పడి ఉండాలి, దాని అర్థం తెలిసి ఉండాలి. ఎన్నడూ వినని, అర్థం తెలియని పదాన్ని ధ్వనులుగా విడగొట్టమనడం వట్టి కసరత్తు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ బడుల్లో కూడా ఇంగ్లీషు మీడియం విస్తరించాక, ఇంట్లో ఇంగ్లీషు మాట వినని పిల్లలే ఎక్కువమంది ఆ తరగతుల్లో ఉన్నారు. వాళ్లకు మొదట కావలసింది మాటలు: కథలు, పాటలు, ఆటలు, టీచరు నోట స్పష్టమైన పలుకు. ఆ పని చేయకుండా నేరుగా రాతలోకి దిగడం తప్పే. కానీ బట్టీ పద్ధతికి ఆ మాటలు కూడా అక్కర్లేదు, అర్థం తెలియకుండానే స్పెల్లింగు అప్పజెప్పించగలదు. దాన్ని సుగుణంగా చెప్పుకోవడం దారుణం.

5. ‘పాత తరం నేర్చుకోలేదా?’

నేర్చుకున్నవారు కనిపిస్తారు, నేర్వలేక బడి మానినవారు ఈ చర్చలోకి రారు. పదో తరగతి ఇంగ్లీషు పరీక్ష దగ్గర చదువు ఆగిపోయినవారు తెలుగు ఊళ్లలో చాలామంది ఉన్న కాలం ఎంతో దూరం కాదు. వాళ్లను లెక్కలోంచి తీసేసి మిగిలినవారిని చూపించడం రుజువు కాదు.

నేర్చుకున్నవారు కూడా బట్టీ వల్లనే నేర్చుకున్నారా అన్నది వేరే ప్రశ్న. ‘లైట్’, ‘నైట్’, ‘రైట్’, ‘ఫైట్’ రాసీ రాసీ ఐ-జి-హెచ్-టి వరస చెప్పకుండానే పట్టుకున్న పిల్ల బట్టీతో మొదలుపెట్టి, క్రమంతో గట్టెక్కింది. హైఫా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ షేర్ 1995లో దీన్ని వివరించాడు: ధ్వనిని బట్టి కొత్త పదాన్ని విప్పిన ప్రతిసారీ పాఠకుడు దాని స్పెల్లింగును తనకు తానే నేర్పుకుంటాడు. చురుకైన పిల్లలు ఆ తాళంచెవిని ఎవరూ ఇవ్వకపోయినా వెతుక్కున్నారు. మిగిలినవారికి దాన్ని చేతికివ్వడం బడి పని.

అమెరికా స్పెల్లింగ్ బీ విజేతలను చూపించి, ‘చూడండి, ఎంత బట్టీ పట్టారో’ అనడం తెలుగు ఇళ్లలో మామూలే. 1985లో బాలు నటరాజన్ గెలిచాక భారతీయ కుటుంబాల పిల్లలు ఆ పోటీలో ముందుకు వచ్చారు. 2024లో తెలుగు కుటుంబానికి చెందిన బృహత్ సోమ గెలిచాడు. వాళ్ల జ్ఞాపకశక్తి అసామాన్యమైనదే. కానీ వేదిక మీద ఆ పిల్లలు ఏం అడుగుతారో వినాలి: ఆ పదం అర్థమేమిటి, ఏ భాషనుంచి వచ్చింది, మళ్లీ ఒకసారి పలుకుతారా? గ్రీకు పదమైతే ‘ఫ్’కు పి-హెచ్ వస్తుంది, ‘క్’కు సి-హెచ్ రావచ్చు, ఫ్రెంచి పదమైతే ‘ష్’కు సి-హెచ్ రావచ్చు. ధ్వనినుంచి అక్షరానికి వెళ్లే దారులను మూలభాషను బట్టి వడగట్టడం అక్కడ జరిగే పని. ఐదేళ్ల పిల్ల ‘పిన్’ను విని రాయడం ఆ దారిలో మొదటి అడుగు.

6. బట్టీ ఖరీదు ఎవరు కడుతున్నారు?

సాయంత్రం పక్కన కూర్చుని స్పెల్లింగులు అప్పజెప్పించుకునే అమ్మో నాన్నో ఉన్న ఇంట్లో బట్టీ ఎలాగోలా నడుస్తుంది. కూలికి వెళ్లి చీకటిపడ్డాక వచ్చే తల్లి, ఇంగ్లీషు అక్షరం ముఖం చూడని తండ్రి ఉన్న ఇంట్లో నడవదు. ట్యూషన్‌కు డబ్బు కావాలి. బడిలో క్రమం నేర్పకుండా మిగిలిన పనిని ఇంటికి వదిలేస్తే, ఆ ఇల్లు ఎలాంటిదన్నదాన్ని బట్టి పిల్ల భవిష్యత్తు తేలుతుంది. ధ్వనిని పట్టుకుని రాయడం నేర్చిన పిల్ల ఒంటరిగా కూర్చున్నా కొత్త పదాన్ని ఎదుర్కోగలదు. ఇంగ్లండులో 2012నుంచి ఒకటో తరగతి పిల్లలకు పెట్టే 40 పదాల చదువు పరీక్షలో 20 అర్థంలేని కల్పిత పదాలు ఉండడానికి కారణం ఇదే: బట్టీ పట్టడానికి వీల్లేని పదాన్ని ఇచ్చి చూస్తేనే పిల్లకు చదవడం వచ్చిందో, పదాలు గుర్తున్నాయో తేలుతుంది. అలాంటి పదాలు పది ఇచ్చి రాయమంటే తెలుగునాట డిక్టేషన్లలో వచ్చే పూర్తి మార్కులు ఎన్ని నిలుస్తాయో ఏ బడి అయినా ఒక పూటలో చూసుకోవచ్చు.

డిస్లెక్సియా ఉన్న పిల్లల విషయంలో ఈ ఖరీదు ఇంకా క్రూరమైనది. అక్షరాల వరసను గుర్తుపెట్టుకోవడమే వాళ్లకు కష్టం; బట్టీ సరిగ్గా అక్కడే గురిపెట్టి కొడుతుంది. చదువులో ఇలాంటి ప్రత్యేక వైకల్యాలను 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. శారీరక దండన, మానసిక వేధింపు కూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. వంద సార్లు ఇంపోజిషన్ రాసి చెయ్యి వాచిన పిల్లకు ఆ పదం వచ్చినా రాకపోయినా, రాయడమంటే శిక్ష అన్న పాఠం మాత్రం వస్తుంది.

7. ధ్వని ఎంతవరకు, జ్ఞాపకం ఎక్కడినుంచి

ధ్వని ఒక్కటే చాలునని చెప్పడం ఇంకో అబద్ధం. ‘అ్యా ఫర్ యాపిల్’ అని పాట పాడించి ఫోనిక్స్ అని పేరుపెట్టి ఫీజు వసూలు చేయడం ఈ పద్ధతి కాదు. అమెరికా నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లో ఇచ్చిన నివేదిక ప్రకారం, క్రమబద్ధంగా ధ్వనులు నేర్పడం వల్ల చిన్న తరగతుల్లో స్పెల్లింగు గట్టిగా మెరుగుపడింది. పెద్ద తరగతుల్లో ఆ మేలు కనిపించలేదు. అందులో ఆశ్చర్యం లేదు. ఇంగ్లీషు రాత ధ్వనితో మొదలై, కొంత దూరం పోయాక పదం కట్టుబడిని అనుసరిస్తుంది. ‘జంప్ట్’ అని వినబడుతుంది, చివర రాసేది ఇ-డి. జరిగిపోయిన పనికి అది గుర్తు. ‘సైన్’లో పలకని జి ‘సిగ్నేచర్’లో పలుకుతుంది. ‘హీల్’, ‘హెల్త్’ పలుకులో విడిపోయినా రాతలో చుట్టాలుగానే ఉంటాయి. రెండు మూడు తరగతులు దాటాక నేర్పవలసింది ఈ చుట్టరికం. అదీ క్రమమే, అదీ బట్టీ కాదు.

కాబట్టి వరస ఇలా ఉండాలి. మొదట నోటితో, అక్షరం లేకుండా: ‘పిన్’లో ముందేం వినబడింది, చివరేం వినబడింది? తర్వాత కొద్ది అక్షరాలు, పేర్లతో కాక ధ్వనులతో. ఎస్, ఎ, టి, పి, ఐ, ఎన్ అన్న ఆరింటితో మొదలుపెట్టడం ఇంగ్లండు బడుల్లో బాగా వాడుకలో ఉన్న పద్ధతి. ఆ ఆరింటితోనే పిన్, టిన్, టిప్, సిప్, న్యాప్, ట్యాప్, ప్యాన్, స్పిన్, స్న్యాప్ లాంటి ఎన్నో మాటలు కట్టవచ్చు. ఎ నుంచి జెడ్ దాకా పాడేవరకు ఆగనక్కర్లేదు. పిల్ల విని రాయాలి, రాసిన వెంటనే జవాబు రావాలి. సరిగ్గా విన్నచోట మెచ్చుకోవాలి, తప్పినచోట ఆ ఒక్క ధ్వనిని మళ్లీ వినిపించాలి, సరైన రాతను పక్కన రాసి చూపించాలి. వి-డబ్ల్యూ, సి-కె లాంటి చెవి తేల్చలేని జంటలను కంటితో, వాక్యాల్లో, మళ్లీమళ్లీ చదివించి నిలబెట్టాలి. జెడ్-తో రాయవలసింది జె-తో రాస్తే తెలుగు చెవి అలాగే వింటుందని గుర్తుంచుకుని దిద్దాలి.

జ్ఞాపకానికి చోటు ఆ తర్వాత. ‘ది’, ‘వన్’, ‘వాజ్’, ‘సెడ్’, ‘టూ’ లాంటి పదాలు తొలి వాక్యాల్లోనే కావాలి, ధ్వనికి పూర్తిగా లొంగవు. వాటిని గుర్తుపెట్టుకోవలసిందే. అవి వారానికి రెండు మూడు చొప్పున చాలు. ఒక్కోదానిలో ఏ అక్షరం మాట వినడంలేదో వేలుపెట్టి చూపించి నేర్పాలి. డిక్టేషన్ కూడా ఉండవచ్చు, కానీ మార్కు పద్ధతి మారాలి. ఐదు ధ్వనుల పదంలో నాలుగు ధ్వనులకు సరైన అక్షరం పెట్టిన పిల్లకు నాలుగు మార్కులు రావాలి, సున్నా కాదు. నేర్పిన పదాలతోపాటు అదే నియమంతో నడిచే, ముందు చెప్పని రెండు పదాలు ప్రతి డిక్టేషన్‌లోనూ ఉండాలి. పిల్ల ఆ రెండింటిని ఎలా రాసిందో చూశాకే వచ్చే వారం పాఠం నిర్ణయించాలి.